కోసిన చాకు

మా మండలి అమ్మిన కొమ్ముపాలెం చాకు ఒకటి కోస్తోందని సోమవారం ఉదయం బయటపడింది.

ఆ వార్త తెచ్చినవారు అల్లంరాజు గోపాలరత్నంగారు. చక్కెర మిల్లులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, జిల్లా వారసత్వ ప్రేమికుల సంఘానికి అధ్యక్షుడు. ఎడమచేతి చూపుడువేలికి కట్టు కట్టుకుని, చాకుని తుండుగుడ్డలో చుట్టి, పాముని పట్టి తెచ్చినట్టు ఒంటికి దూరంగా పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కారు. దాన్ని నా ముందు పెట్టి, కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని కూర్చున్నారు.

"వేలిదేముందండీ, అదే మానుద్ది. అసలు సరుకని నమ్మి కొన్నాను. మా సంఘం వాళ్లందర్నీ ఇంటికి పిలిచి, కాఫీలిచ్చి, వాళ్ల ముందు తెరిచాను. తెరిచీ తెరవగానే కోసింది. పదిమందిలో పరువు పోయింది," అన్నారు.

నేను ఈ సంప్రదాయ హస్తకళల మండలిలో విజిలెన్స్ ఆఫీసర్ని. అప్పటిదాకా నేను చూసిన పెద్ద కేసు తాటాకు బుట్టలో ప్లాస్టిక్ తాడు దొరికిన కేసు. దానికే ఇద్దరికి ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. చాకు కోయడమనే ఘోరం నా సర్వీసులో ఎన్నడూ వినలేదు. గుడ్డ మెల్లగా విప్పి, టైపు కాగితం అంచు దాని మీద ఆనించాను. కాగితం చప్పుడు లేకుండా రెండైంది.

గోపాలరత్నంగారు కళ్లు మూసుకున్నారు.

కొమ్ముపాలెం చాకు గురించి తెలియనివారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇది మడతచాకు. వెనకటికి పెద్దవాళ్లు రొంటిన దోపుకుని తిరిగేవారు. దాని లక్షణాలు ప్రభుత్వ గెజెట్‌లో ఉన్నాయి. పిడి గేదెకొమ్ముతో చెయ్యాలి. మడత దగ్గర ఇత్తడి మేకు ఉండాలి. అలుగు, అంటే మడత విప్పితే బయటికొచ్చే ఇనుప రేకు, చేపపిల్ల ఆకారంలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పదును ఉండకూడదు.

ఈ ఆఖరి లక్షణాన్ని లోకానికి వెల్లడించింది మా డైరెక్టరు డాక్టర్ కోటంరాజు విశ్వపతిగారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనే కొమ్ముపాలెం వెళ్లి తొలి నమూనా సేకరించారు. కోయాలన్న కోరికను జయించిన చాకు ప్రపంచంలో ఇదొక్కటేనని లావుపాటి పుస్తకం రాశారు. ఆ పుస్తకం మీద గెజెట్ వచ్చింది, గెజెట్ మీద మా మండలి వచ్చింది, మండలిలో మా ఉద్యోగాలు వచ్చాయి. అప్పటినుంచి పదునున్న కొమ్ముపాలెం చాకు ప్రతిదీ నకిలీయే. మేము ఆ ఊరిమీద దాడి చేసి, సానరాళ్లు దొంగనోట్ల యంత్రాలలాంటివి కాబట్టి అన్నిటినీ పట్టుకొచ్చి గోదాములో పడేశాం. తయారైన ప్రతి చాకునీ మా పరీక్షశాలలో అరటిపండు మీద గీస్తారు. తొక్క గీరుకుపోతే చాకు రద్దు. గీరుకోకపోతే డైరెక్టరుగారి సంతకంతో ప్రామాణిక పత్రం. పరీక్ష అయిపోయిన పండ్లను సిబ్బంది తినేస్తారు.

మొదట్లో కొన్నవాళ్లు చాలా నిరాశపడ్డారు. మా షోరూం కౌంటర్లో హైమావతి అని ఒకమ్మాయి ఉంటుంది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తోంది. నిమ్మకాయ కోయట్లేదని ఒకరు, దారం కూడా తెంపట్లేదని ఒకరు చాకు పట్టుకుని ఆమె మీదకి వచ్చేవారు. ఆమె నవ్వుతూ, కోయకపోతేనే అసలుదనీ, పొరపాటున ఎప్పుడైనా కోస్తే వెంటనే తెచ్చేస్తే మార్చి ఇస్తామనీ చెప్పేది. కిళ్లీకొట్టు ఆసామి ఒకడు మాత్రం, మరి ఇది చాకెందుకైంది తల్లీ అని అడిగి, జవాబుగా ఆమె ఇచ్చిన కరపత్రం చదువుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత కాలం మారింది. నిరాశ ఫ్యాషనైంది. పెళ్లిళ్లలో అల్లుళ్లకి మా చాకు పెట్టడం మొదలైంది. మా వియ్యంకుడు పెట్టింది పచ్చివెన్న కూడా కోయదు తెలుసా అని పెద్దింటి ఆడవాళ్లు పేరంటాల్లో చెప్పుకునేవారు. ఎంత కోయకపోతే అంత గొప్ప. అలాంటి రోజుల్లో గోపాలరత్నంగారి వేలు తెగింది.

చాకుని డైరెక్టరుగారి గదికి తీసుకెళ్లాను. విశ్వపతిగారు ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. తెల్లటి చొక్కా, నుదుట గంధం, మాట్లాడితే సభలో మాట్లాడినట్టే ఉంటుంది. జరిగిందంతా విన్నారు. తర్వాత, బాగా కోసిందా అని అడిగారు. లోతుగానే తెగిందన్నాను. ఒక్క గాటుకేనా అన్నారు. అవునన్నాను. పరిశోధకులకు ఇలాంటి వివరాలు కావాలి కాబోలనుకున్నాను.

అంతలోనే ఆయన నిటారుగా కూర్చున్నారు.

"ఇది ఒక వ్యక్తి వేలు గాయపడిన ఘటన కాదు. ఒక ప్రామాణికత గాయపడిన ఘటన. దీని పూర్వాపరాలను సమగ్రంగా పరిశీలించి, బాధ్యులను నిర్ధారించి, శనివారంనాటి పాలకవర్గ సమావేశానికి నివేదిక సమర్పించవలసింది," అన్నారు.

శనివారం సమావేశానికి అప్పటికే అజెండా తయారై ఉంది. అందులో నాలుగో అంశం హైమావతి ఉద్యోగాన్ని పర్మినెంటు చెయ్యడం. పాలకవర్గ అధ్యక్షుడు ధర్మారాయుడుగారు ఫోన్లో సంగతి విని, ఆ చాకు అమ్మిన మనిషి ఎవరో కనుక్కుని, అజెండాను కొద్దిగా సవరించారు. నాలుగో అంశం ఆమెను తీసెయ్యడం, అయిదో అంశం ఆమెను పర్మినెంటు చెయ్యడం. నాలుగోది నెగ్గితే అయిదోదాని అవసరం ఉండదని, సమయం కలిసొస్తుందని అలా పెట్టారు.

హైమావతి అది విని ఏడవలేదు. గోపాలరత్నంగారికి వేరే చాకు తీసి, ఆయన కళ్లముందే అరటిపండు మీద గీసి, కోయదని రుజువు చేసి పంపించి, అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"ఇన్నాళ్లూ కోయట్లేదని జనం తిట్టారు, పడ్డాను. ఇప్పుడు కోసిందని మీరు తీసేస్తానంటున్నారు. నేను దేనికి జీతం తీసుకుంటున్నానో అదన్నా చెప్పండి సార్," అంది.

ఆ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని చెప్పి, విచారణ మొదలుపెట్టాను.

పరీక్ష నెగ్గిన చాకులను డైరెక్టరుగారి గది బయటున్న పెద్ద బల్లమీద పెడతారు. ఆయన సంతకాలయ్యాక అక్కణ్ణుంచి స్టోరుకి, స్టోరునుంచి కౌంటరుకి వెళ్తాయి. అరటిపండు మీద కోయని చాకు గోపాలరత్నంగారి వేలిమీద కోసిందంటే, మధ్యలో ఎవరి చేతిలోనో పదునెక్కిందన్నమాట. ఎవరు ఎవరికి ఇచ్చారో తేలితే చాలు, కేసు తేలిపోతుంది.

ఇక్కడే చిక్కొచ్చింది. మనలో కత్తినీ కత్తెరనీ చేతిలోంచి చేతిలోకి ఇవ్వరు కదా. ఇస్తే ఇద్దరికీ గొడవలొస్తాయి. కింద పెడితే రెండోవాళ్లు తీసుకుంటారు. మాది సంప్రదాయ మండలి కాబట్టి ఈ ఆచారాన్ని సర్క్యులర్ వేసి మరీ పాటిస్తాం. పరీక్షశాల మనిషి, తాను ఎవరికీ ఇవ్వలేదనీ బల్లమీద పెట్టాననీ ప్రమాణం చేశాడు. స్టోరు కీపరు తమ్మిరాజు, తనకెవరూ ఇవ్వలేదనీ బల్లమీద ఉంటే తీశాననీ అన్నాడు. హైమావతికి తమ్మిరాజు ఇవ్వలేదు, కౌంటరు మీద పెట్టాడు. గోపాలరత్నంగారికి హైమావతీ ఇవ్వలేదు. మండలి పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క చాకుని కూడా ఎవరూ ఎవరికీ ఇచ్చిన దాఖలా లేదు. అందరి వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రతి చాకూ చివరికి బల్ల దగ్గరికే వెళ్లి ఆగుతోంది.

బల్లకి సీలు వేశాను.

ఆ బల్ల రెండోవైపు అకౌంట్స్ వాళ్లు కూర్చునేవారు. వాళ్లు నేలమీదకి దిగి, నడుం నొప్పి భత్యం కోసం అర్జీ పెట్టుకున్నారు.

మంగళవారం సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయన వాదన చాలా స్పష్టంగా ఉంది. కోయని చాకు హస్తకళ, అది మండలి సొత్తు. కోసే చాకు ఆయుధం, అది పోలీసు శాఖ సొత్తు. డైరెక్టరుగారు ఒప్పుకోలేదు. పిడి, మేకు, అలుగు గెజెట్ ప్రకారం వారసత్వ సంపద కనుక వాటిని గడప దాటనివ్వనన్నారు. ఇద్దరూ చట్టాలు తిరగేసుకుని చివరికి రాజీకొచ్చారు. చాకు మండలి దగ్గరే ఉంటుంది, దాని పదునును మాత్రం పోలీసులు స్వాధీనం చేసుకుంటారు. ఇన్‌స్పెక్టరు పంచనామాలో 'పదును, ఒకటి' అని రాసి సంతకం పెట్టాడు. పదునుని చాకునుంచి విడదీసే ఏర్పాటు స్టేషన్లో లేకపోవడంతో, దానికి కాపలాగా ఒక కానిస్టేబుల్‌ని నా గదిలో కూర్చోబెట్టి వెళ్లాడు. ఆ కానిస్టేబుల్ మంచివాడు. అరటిపండ్లంటే ఇష్టం.

అతని ఇష్టం నెరవేరే కాలమే వచ్చింది. స్టాకులో ఉన్న చాకులన్నిటికీ మళ్లీ పరీక్ష పెట్టమని ఆర్డరైంది. బుధవారానికి ఊళ్లో అరటిపండు దొరకలేదు. రెండు పెళ్లిళ్లలో తాంబూలాల్లోకి జామకాయలు ఇచ్చారని విన్నాను. సిబ్బంది భోజనం క్యారియర్లు తేవడం మానేశారు. ఇంత చేసినా ఇంకొక్క చాకు కోయలేదు. నేరం ఒక్కసారే జరిగింది.

ఇక మిగిలింది కొమ్ముపాలెం. వెళ్లాను. అక్కడ కమ్మరి మల్లయ్యాచారి నన్ను చూడగానే రెండు చేతులూ చూపించాడు, సానరాయి ముట్టుకోలేదని. మేము సానరాయి ఎత్తుకుపోయినందుకు కుమిలిపోతున్నాడేమోనని ఓదార్చబోయాను. అవసరం లేకపోయింది.

"మా అయ్య రోజల్లా సాన తిప్పి తిప్పి రెక్కలు పడిపోయి పోయాడండి. ఇప్పుడు మేం నాలుగు దెబ్బలేసి వదిలేత్తన్నాం, మీరు దానికి నాలుగింతలిత్తన్నారు. కోసే చాకు మళ్లీ చెయ్యమని మాత్రం పైన చెప్పకండి బాబూ, మీ పిల్లలు సల్లగుండాల," అన్నాడు.

లోపల అతని భార్య పట్నంలో కొన్న ఎర్ర ప్లాస్టిక్ పిడి కత్తితో బెండకాయలు తరుగుతోంది. చకచకా తెగుతున్నాయి.

గురువారం ఏమీ తోచక, హైమావతిని పిలిచి చాకు చూపించాను, ఏమైనా గుర్తొస్తుందేమోనని. కానిస్టేబుల్ పదునుకి ఏ హానీ జరగకుండా దగ్గరగా నిలబడ్డాడు. ఆమె చాకుని వెలుతురులోకి వంచి చూసి, గీతలన్నీ వంపు తిరిగి ఉన్నాయంది. సాన మీద పెట్టింది కాదు, ఇంట్లో పింగాణీ జాడీ తిరగేసి, అడుగున గరుకుగా ఉండే అంచుమీద రుద్దిందంది. వాళ్ల అమ్మమ్మ కత్తిపీటకి అలాగే పదును పెట్టేదట.

ముద్దాయికి పదును పెట్టే విద్య క్షుణ్ణంగా తెలుసునని రాసుకున్నాను. అది చూసి ఆమె నిర్ఘాంతపోయింది. ఈ సంగతి ఊళ్లో ప్రతి ఇంట్లోనూ తెలుసు కదా సార్ అంది. ఊరందరినీ ఉద్యోగంలోంచి తీసే అధికారం మండలికి లేదని, ఆమెను తీసే అధికారం మాత్రం ఉందని వివరించాను.

అయినా విధి నిర్వహణలో లోపం ఉండకూడదని మధ్యాహ్నం అందరి భోజనాలూ తనిఖీ చేశాను. అందరివీ స్టీలు డబ్బాలు. పింగాణీ జాడీ ఒక్కటే కనిపించింది. చిన్నది, ఆవకాయది. తిరగేసి చూస్తే అడుగంచు మీద నల్లగా ఇనుప చారలు, నెలవంకల్లా. ఆ జాడీ డైరెక్టరుగారి గదిలో ఉంది. డైరెక్టరుగారి జాడీ కాబట్టి అది సాక్ష్యం కాదని నేను వెంటనే గ్రహించి, ఉన్నచోటే పెట్టేశాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో విశ్వపతిగారు నిలబడి ఉన్నారు.

"ఆవకాయ కావాలా?" అన్నారు.

వద్దన్నాను. ఆయన తల ఊపారు. 

శనివారం సమావేశం. ధర్మారాయుడుగారు మధ్యలో, సభ్యులు అటూ ఇటూ. ఒక మూల కానిస్టేబుల్, అతని ముందు ట్రేలో చాకు. సమావేశపు బల్లమీద ప్రదర్శన కోసం పక్కూరినుంచి తెప్పించిన అరటిపండ్లు. గుమ్మం దగ్గర హైమావతి నిలబడి ఉంది. ఆమెకి కుర్చీ వెయ్యలేదు, నాలుగో అంశం నెగ్గితే ఎలాగూ లేవాల్సి వస్తుందని.

నేను నివేదిక చదివాను. అనుమానితులు ఇద్దరు తేలారు. ఒకటి బల్ల, రెండోది హైమావతి. బల్ల పర్మినెంటు ఆస్తి, ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగించడానికి వీల్లేదు. హైమావతి కాంట్రాక్టు. నివేదిక తర్కబద్ధంగా ఉందని సభ్యులు మెచ్చుకున్నారు.

చెప్పుకునేదేమైనా ఉందా అని ధర్మారాయుడుగారు ఆమెను అడిగారు.

"నా చేత్తో వేల చాకులు అమ్మించారు. అన్నిటిలో ఒక్కటే పనికొచ్చింది. దానికే నన్ను తీసేస్తున్నారా అండీ?" అంది.

ఆ మాట మినిట్స్‌లో ఎక్కించొద్దని ధర్మారాయుడుగారు గుమాస్తాకి సైగ చేసి, నాలుగో అంశానికి అనుకూలంగా చేతులెత్తమన్నారు. చేతులు లేస్తున్నాయి. అప్పుడు విశ్వపతిగారు లేచారు. చెయ్యెత్తడానికని అనుకున్నాం. ఆయన నేరుగా మూలకి వెళ్లి, కానిస్టేబుల్ వారిస్తున్నా వినకుండా ట్రేలోంచి చాకు తీసుకుని, బల్ల దగ్గరికొచ్చి ఒక అరటిపండు ఒలిచి, సాసర్లో చక్రాలుగా తరిగారు. ఒక్కో ముక్కా సాసర్లో పడుతున్న చప్పుడు అందరికీ వినబడింది. ధర్మారాయుడుగారి ముందుకి సాసర్ జరిపి, పదును పెట్టింది తానేనని చెప్పారు.

ధర్మారాయుడుగారు సాసర్ వంక చూడలేదు.

"డాక్టరుగారూ, మీరు కూర్చోండి. మేమేం చూళ్లేదు. పండు బాగా మగ్గిపోయి ముక్కలైంది, అంతే కదా?" అని సభ్యుల వైపు తిరిగారు. అంతేనన్నారు సభ్యులు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, గోపాలరత్నంగారి వేలు కూడా వయసు మీదపడి తనంత తానే విచ్చుకుని ఉండొచ్చని సూచించారు. డైరెక్టరే పదును పెట్టారంటే, ఆ పదును అసలైనదో కాదో తేల్చాలి. అసలైనదైతే ఇప్పటిదాకా అమ్మినవన్నీ నకిలీలు, గెజెట్ నకిలీ, మండలి నకిలీ, మేమంతా నకిలీ. అంతకంటే ఒక కౌంటరు అమ్మాయిని ఇంటికి పంపడం తేలిక. ధర్మారాయుడుగారు నాలుగో అంశం మీద మళ్లీ చేతులెత్తమన్నారు.

విశ్వపతిగారు ఇంకో పండు తీసుకున్నారు. దాన్ని తొక్కతో సహా ఒక్క గాటుకి రెండు చేసి, గుమాస్తా ముందుకెళ్లి నిలబడ్డారు. సభలో మాట్లాడే గొంతు కాదది. ఆయనకి మామూలు గొంతు ఉందని అప్పుడే తెలిసింది.

"రాసుకో నాయనా, ఎవరు వద్దన్నా రాసుకో. పదును పెట్టింది కోటంరాజు విశ్వపతి. మా ఆవిడ క్యారియర్‌తో బంగినపల్లి పండు పెట్టింది, కోసుకోడానికి ఏమీ పెట్టలేదు. మీరున్నదే చాకుల ఆఫీసు కదా అంది. నిజమే, గది బయట బల్లనిండా చాకులు. ఒక్కటీ పండులో దిగలేదు. తలుపేసుకుని, జాడీ తిరగేసి ఒకదాన్ని రుద్దాను. పండు తింటుండగా మినిస్టరుగారి పీఏ వచ్చాడన్నారు. కంగారులో తుడిచి బల్లమీద పడేశాను. ఆ అమ్మాయికి ఏం తెలుసు, పెట్టెలో ఉన్నది అమ్మింది. ఆమె అమ్మినవాటిలో అసలైన కొమ్ముపాలెం చాకు అదొక్కటే. ఆమెను తీసేస్తే ఈ మాట నేను పేపరువాళ్ల ముందు, ఇంకో అరటిపండు పెట్టుకుని చెప్తాను. కనక నాలుగో అంశం కొట్టేసి అయిదోది చదవండి.

"ఇది చిన్న నేరం. పెద్దది ఇంకోటుంది, అదీ రాసుకో. కుర్రతనంలో నమూనా కోసం కొమ్ముపాలెం వెళ్లాను. ముసలి కమ్మరి చాకు ఇవ్వలేదు. పీట వేసి కూర్చోబెట్టి, ఏం కోస్తావు బాబూ అనడిగాడు. అక్కడ అదీ పద్ధతి. వక్కకొక పదును, మోకుకొక పదును, పండుకొక పదును. కొన్నవాడు నోరు తెరిచి చెప్తేనే సాన తిప్పుతారు. అప్పటిదాకా ఎంత మంచి చాకైనా మొద్దుగానే ఉంచుతారు. నాకేమో బస్సు టైమైపోతోంది. నేనేమీ కొయ్యనయ్యా, ఇలాగే ఇచ్చెయ్ అన్నాను. ఆయన నావంక జాలిగా చూసి, కింద పెట్టాడు. తెచ్చి, రిపోర్టులో పదును లేదని రాశాను. ఎందుకు లేదని పైనుంచి అడిగారు. వెళ్లి కనుక్కోడానికి బద్ధకమేసి, ఇక్కడే కూర్చుని కారణం కనిపెట్టాను. కారణం పుస్తకమైంది, పుస్తకం డాక్టరేటైంది, డాక్టరేటున్నవాడు చెప్పాడని గెజెటైంది, గెజెట్‌లో ఉందని పోయి ఆ ఊరి సానలన్నీ ఎత్తుకొచ్చాం. ఇంతా నేను ఒక్క బస్సు కోసం చేశానయ్యా. పరిగెత్తుకుంటూ వెళ్లాను కూడా. ఆ బస్సు వెళ్లిపోయింది."